నివేదికలో కోడికూర

రెండు వేల ఇరవై మూడు, డిసెంబరు పద్నాలుగు, గురువారం. ఆ మధ్యాహ్నం రాఘవేందర్ తిన్నది జొన్నరొట్టె, నాటుకోడి కూర, చివర్లో పచ్చిపులుసు పోసుకుని ఇంత అన్నం.

తేదీలు గుర్తుపెట్టుకోవడం ఉద్యోగం నేర్పిన అలవాటు. వనపర్తిలో ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ పిల్లలకు అకౌంట్స్ చెప్పి రిటైరైన మనిషి ఆయన. తిన్నది గుర్తుపెట్టుకోవడం మాత్రం భార్య ఉమారాణి పోయాక మొదలైంది. ఒక్కడే వండుకుని ఒక్కడే తినే ఇంట్లో ఏ పూట ఏం తిన్నాడో ఎవరికీ పట్టదు. అందుకే పరాయి ఇంట్లో ఎవరైనా కూర్చోబెట్టి వడ్డిస్తే, ఆ పళ్లెం ఆయనకు ఏళ్ల తరబడి కళ్ల ముందు ఉండేది.

ఆ రోజు వడ్డించింది గద్వాల జిల్లాలో గట్టు మండల కేంద్రం దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్లో, ఈరమ్మ. పదిమంది ఆడవాళ్ల లోను గ్రూపుకు ఆమె లీడరు. ఆ లోన్లు ఇచ్చే సంస్థే రాఘవేందర్‌ను పిలిచి, తన పనితీరు మీద ఒక నివేదిక రాసిపెట్టమంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పన్నెండు ఊళ్లు తిరగాలి. ఎంత ఇచ్చారు, ఎంత తిరిగొచ్చింది, ఖర్చెంత, మిగులెంత అన్నది తేల్చాలి. లెక్కలు బాగున్నాయని బయటి మనిషి ఒకడు సంతకం పెడితే సంస్థకు బ్యాంకుల్లో పెద్ద అప్పు పుడుతుంది. ఆ అప్పు మళ్లీ ఊళ్లకు చిన్న చిన్న లోన్లుగా వస్తుంది.

పదకొండు ఊళ్లలో వసూలు తొంభై ఆరు, తొంభై ఏడు శాతం దగ్గర ఉంది. ఈరమ్మ గ్రూపులో మాత్రం నూటికి నూరు. అదీ డిసెంబరులో. ఆ చుట్టుపక్కలంతా సీడు పత్తి, అంటే కంపెనీలకు విత్తనం కోసం పండించే పత్తి. పూలకు చేత్తో క్రాసింగు చేసిన కూలి డబ్బులు కంపెనీ నుంచి మధ్యలో ఉండే ఆర్గనైజరుకు, ఆర్గనైజరు నుంచి రైతుకు, రైతు నుంచి కూలీకి దిగేసరికి ఎండాకాలం వస్తుంది. చేతిలో పైస ఆడని నెలలో పదిమందికి పదిమందీ వారం వారం కిస్తు ఎట్లా కట్టారు? ఆ ప్రశ్న ఆయనకు తట్టకపోలేదు. అడుగుదామని నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే పళ్లెం వచ్చింది.

"సారుకు కార్జం ఎయ్యండే," అంది ఈరమ్మ లోపలికి చూసి.

పక్కన కూర్చుని తింటున్నది జితేందర్. మూడు జిల్లాలకూ సంస్థ మేనేజరు, ముప్పై ఏళ్లవాడు. ఇద్దరూ తృప్తిగా తిన్నారు. ఎముకల మీద మాంసం తక్కువే గానీ పులుసు గొప్పగా ఉందని రాఘవేందర్ అనుకున్నాడు. చేయి కడుక్కుని రిజిస్టరు చూశాడు. పది పేర్లు, పది రసీదులు. ప్రశ్న అక్కడితో పోయింది.

నివేదికలో ఆ ఊరి పట్టిక కింద ఆయన రెండు వాక్యాలు రాశాడు: "ఇక్కడి సభ్యులు మాకు సంతోషంగా నాటుకోడి కూరతో భోజనం పెట్టారు. ఏ పట్టికా చెప్పలేని పురోగతిని ఆ పళ్లెం చెప్పింది." మూడుసార్లు దిద్ది రాసిన వాక్యాలవి. సంస్థ ఆ ఏడాది వేసిన రంగుల పుస్తకంలో మొదటి పేజీలో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని ఆయన ఉమారాణి ఫొటో పక్కన పెట్టుకున్నాడు.

రెండేళ్లు గడిచాయి. మొన్న జనవరిలో సంస్థ మళ్లీ పిలిచింది. అవే పన్నెండు ఊళ్లు ఇంకోసారి చూసి, మార్పు రాయాలి. ఒక బుధవారం ఆయన ఈరమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా చాప మీద రెండు వరసల్లో గ్రూపు ఆడవాళ్లు. జితేందర్ బయట జీపు దగ్గర ఫోనులో ఉన్నాడు. మాట మంచిగా మొదలుపెడదామని రాఘవేందర్ నవ్వుతూ అన్నాడు:

"ఈరమ్మా, ఆనాటి కోడికూర ఇంక మర్వలే. గసుంటి కూర మళ్ల తిన్నది లేదు."

చాప మీద గుసగుసలు ఆగిపోయాయి. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈరమ్మ రిజిస్టరు తెరిచి, తెరిచిన పేజీలోకే చూస్తూ ఉండిపోయింది. వెనక వరసలోంచి బుజ్జమ్మ అనే ఆమె గొంతు లేపింది.

"ఆ కోడి ఈరమ్మది గాదు సారూ. జములమ్మది."

"నువ్వు నోరు మూస్కోవే."

"ఎందుకు మూస్కోవాలె? సారు మెచ్చుకుంటుండు గదా, సక్కగ తెల్సుకొని మెచ్చుకోనీ. గుడ్ల మీద కూసున్న కోడిని కోసి పెట్టిన్రు సారూ నీకు."

ఆ తర్వాత సంగతి ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. ఆ గ్రూపులో పద్ధతి ఒకటుంది. పదిమంది కిస్తులూ చాప మీద పడేదాకా ఎవ్వరూ లేవకూడదు. ఒకరు తక్కువైతే తొమ్మిదిమందీ కూర్చోవాలి, లేదా తలా ఇంత వేసి పూడ్చాలి. ఆ గురువారం జములమ్మ దగ్గర ఆరు వందల నలభై లేవు. భర్త మాసయ్య బెంగుళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడు, రెండు వారాలుగా డబ్బు పంపలేదు. ఆమె చాప దగ్గరికే రాకుండా పత్తి ఏరడానికి పోయింది. పొద్దున ఏడింటికి కూర్చున్నవాళ్లు పదకొండైనా కూర్చునే ఉన్నారు. చంటిపిల్లలు ఏడుస్తున్నారు. పనికి పోయే ఆటో పోయింది. పైగా మధ్యాహ్నానికి పెద్ద సారు వస్తున్నాడు, మంచిగా చూసుకొమ్మని జితేందర్ మూడుసార్లు చెప్పాడు. ఈరమ్మ లేచి వెళ్లి, జములమ్మ ఇంట్లో గంప కింద పొదుగుతున్న కోడిని పట్టుకొచ్చింది. తన డబ్బు ఆరు వందల నలభై చాప మీద వేసింది.

"కోడి పైసలు కిస్తుకైనయ్," అంది బుజ్జమ్మ. "కోడి మీకైంది."

పొదిగే కోడి రోజుల తరబడి సరిగ్గా మేత ముట్టదు. అందుకే మాంసం లేదు. రాఘవేందర్ పల్లెలో పుట్టినవాడే, ఆ సంగతి తెలుసు; అయినా ఆ రోజు ఆలోచించకుండా పులుసు మెచ్చుకున్నాడు. గుడ్ల మీద ఉన్న కోడిని ఈ దిక్కున ఎంత లేనివాళ్లయినా కోయరు. పట్టికలో నూటికి నూరు, పళ్లెంలో కూర, రెండూ ఒక్క కోడేనని అర్థమయ్యేసరికి రాఘవేందర్‌కు చెవులు వేడెక్కాయి.

"జములమ్మ ఏది?" అన్నాడు.

"లోను కట్టి గ్రూపు ఇడిసింది. ఆ చివర ఇల్లు," అంది ఈరమ్మ తల ఎత్తకుండా.

తిరిగి వస్తుంటే జీపు ఆ చివరి ఇంటి ముందు నుంచే వచ్చింది. ఒకామె అటు తిరిగి వాకిలి ఊడుస్తోంది. ఆమె ఇటు తిరుగుతుందేమోనని రాఘవేందర్ కాగితం ఒకటి తీసి మొహానికి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు కూర్చున్నాడు. కాగితం తలకిందులుగా ఉందని ఊరు దాటాక చూసుకున్నాడు. జితేందర్ కూడా చూసే ఉంటాడు. ఏమీ అనలేదు. అది అతని మంచితనం.

నివేదిక సోమవారం పొద్దునకల్లా ఇవ్వాలి. గురు, శుక్రవారాలు ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ ఊరి అంకె ఈసారి కూడా నూరే. దాని కింద సంతకం పెట్టాలంటే పెన్ను సాగలేదు. శనివారం తెల్లవారి లేచి, ఉమారాణి ఫొటో పక్కనున్న రంగుల పుస్తకాన్ని గుడ్డ సంచిలో వేసుకుని పెబ్బేరు సంతకు పోయాడు. ఏడు వందల యాభైకి ఒక పెట్టను కొన్నాడు. దాన్నీ అదే సంచిలో పెట్టి, తల బయటికి ఉంచి, మూతి కట్టి గద్వాల బస్సెక్కాడు.

"ఏందది పెద్దాయనా?" అన్నాడు కండక్టరు.

"కోడి."

"కోడికి టికెట్టు తీస్కోవాలె."

వెనక సీట్లో ఒక ముసలామె అందుకుంది. "పెట్టకోడే గదా నాయనా. ఆధార్ కార్డుంటె అది గూడ ఫ్రీగ పోతుండె."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, టికెట్టు మిషను చంకలో పెట్టుకుని ముందుకు పోయాడు. కిటికీ పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల సీసా మూతలో నీళ్లు పోసి కోడి ముక్కు దగ్గర పెట్టింది. ఇంత చిన్న మంచికి కూడా తాను తగనివాడినన్నట్టు రాఘవేందర్ ఒదిగి కూర్చున్నాడు.

ఎర్రవల్లి దగ్గర జితేందర్ ఫోను చేశాడు. "సార్, సోమవారం బోర్డు మీటింగుంది. నూరు శాతం మీద మీ సంతకముంటె బ్యాంకోళ్లు ఇంక మాట్లాడరు. ఆ కోడికూర లైన్ మాత్రం తియ్యకుండ్రి సార్, అందరికి అదే నచ్చింది."

సంచిలోంచి కోడి గట్టిగా అరిచింది.

"ఏంది సార్ ఆ సప్పుడు?"

"బస్సుల ఉన్న జితేందర్. మళ్ల చేస్త," అని పెట్టేశాడు.

గద్వాలలో బస్సు మారి, ఊళ్లో దిగేసరికి మూడు దాటింది. దిగిన చోటే ఈరమ్మ ఎదురైంది, తలమీద గడ్డిమోపుతో. ఆయన్ను చూసింది, సంచిని చూసింది. మోపు దించింది.

"రాస్తవా సారూ?"

"ఏం రాసేది?"

"నాకు తెల్సు నువ్వెందుకొచ్చినవో. నన్ను తిట్టు, పడ్త. నాలుగు కొట్టినా పడ్త. గని కోడి సంగతి కాయితం మీద పెట్టకు. ఒచ్చే నెల కొత్త లోను ఉన్నది. నాకు బోరు మోటరు కాలి కూసుంది. బుజ్జమ్మ బిడ్డకు నర్సింగు ఫీజు కట్టాలె. మా గ్రూపు పేరు ఖరాబైతె అందరికీ ఆగుతది."

"ఊరి పేరు లేకుంట రాయొచ్చు గదా."

"పన్నెండూళ్లల్ల కోడికూర ఇంకెవరన్న పెట్టిన్రా నీకు?"

పెట్టలేదు. ఆ వాక్యాల పుణ్యమా అని జితేందర్ నుంచి హైదరాబాదు ఆఫీసు దాకా అందరికీ ఆ భోజనం ఏ ఊళ్లోదో తెలుసు. నిజం రాస్తే దెబ్బ ఈ గ్రూపుకు. రాయకపోతే అబద్ధం మీద ఇంకోసారి తన సంతకం. ఆయన ఈరమ్మకు మోపు ఎత్తడానికి చేయి సాయం పట్టి, చివరి ఇంటి వైపు నడిచాడు.

జములమ్మ వాకిట్లో చేట ముందు పెట్టుకుని విత్తనానికి పల్లికాయ ఒలుస్తోంది. ముప్పై ఐదేళ్లుంటాయి. కొత్త మనిషిని చూసి కొంగు సర్దుకుంది గానీ లేవలేదు.

"ఎవరు గావాలె?"

"నువ్వేనమ్మా. నా పేరు రాఘవేందర్, వనపర్తి." బస్సులో అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "రెండేండ్ల కింద ఈరమ్మ ఇంట్ల నీ కోడిని తిన్నది నేనే."

ఆమె వేళ్లు ఆగలేదు. రెండు కాయలు ఒలిచి గింజలు చేటలో వేసింది.

"అంత కోడిని ఒక్కనివే తిన్నవా?"

"లేదు. ఇద్దరం."

"మరి ఒక్కనివే ఒచ్చినవేంది?"

ఆయన సంచి మూతి విప్పాడు. ఆమె కోడిని అందుకుని రెక్కలు పట్టి తిప్పింది, రొమ్ము ఎముక తడిమింది, కాళ్లు ఎత్తి చూసింది.

"ఎంతకిచ్చిండు?"

"ఏడొందల యాభై."

"నువ్వేం పని చేస్తుంటివి సారూ?"

"లెక్కలు చెప్తుంటి. కాలేజిల."

"దీని కాళ్ల మీద పొలుసులు చూడు, ఎట్ల లేచినయో. ఇది గుడ్లు పెట్టుడు మానేసి ఏడాదైంది. నీకమ్మినోడు ఇంటికి పోయి ఇంక నవ్వుతుంటడు." ఆమె కూడా నవ్వింది. తన తప్పు దిద్దుకోవడానికి తెచ్చిన దాంట్లో కూడా తప్పేనని రాఘవేందర్ తల దించుకున్నాడు. ఆ నవ్వులో ఎకసెక్కెం లేదని మాత్రం గమనించాడు. ఆమె కోడి కాలికి తాడు కట్టి, గుంజకు వేసి, గుప్పెడు నూకలు చల్లింది. తర్వాత ఆయనకు ముక్కాలి పీట జరిపింది.

"అప్పటికే పదకొండు గుడ్లు పెట్టి ఉంటి ఆ కోడి కింద," అంది మళ్లీ చేట ముందు కూర్చుంటూ. "పత్తికి పోయి ఎనక్కొచ్చే వరకు ఇంటి ముందు పిల్లలు చెప్పిన్రు. గంప లేపి చూస్తె గుడ్లున్నయ్, కోడి లేదు. గుడ్లు సల్లగైపోతున్నయ్. ఒడిల పెట్టుకొని కూసున్న. ఏం చెయ్యాల్నో తెల్వదు."

"మరి?"

"పొద్దుగూకే యాలకు ఈరమ్మ ఒచ్చింది. మాట్లాడలే. నేనూ మాట్లాడలే. గుడ్లన్ని కొంగుల ఏసుకొని పోయి, వాళ్లింట్ల పొదుగుతున్న కోడి కింద పెట్టింది. ఏడు పిల్లలైనయ్. నాలుగు నాకు తెచ్చిచ్చింది. మూడు ఉంచుకుంది, పొదిగిన కూలంట." వాకిట్లో తిరుగుతున్న కోళ్ల వైపు గడ్డం చూపించింది. "ఇవన్ని వాటి పిల్లలే."

"లోను గూడ కట్టినవంట గదా. మళ్ల గ్రూపెందుకు ఇడిసినవ్?"

"మాసయ్య ఒచ్చినంక మొత్తం కట్టిన. కట్టినంక గూడ నన్ను చూస్తె వాళ్లకు సిగ్గు, వాళ్లను చూస్తె నాకు సిగ్గు. ఆ చాప మీద ఎట్ల కూసుంట సారూ?"

రాఘవేందర్ సంచి అడుగు నుంచి రంగుల పుస్తకం తీశాడు. చదివి వినిపించకుండా వెళ్లిపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. ఆ రెండు వాక్యాలు చదివాడు.

జములమ్మ విన్నది. "మంచిగనే రాసినవ్ సారూ," అంది. "అబద్ధమే గని, మంచిగ రాసినవ్."

"కోడి సంగతి ఉన్నదున్నట్టు రాద్దామని ఒచ్చిన. రాస్తె ఈరమ్మ గ్రూపుకు లోను ఆగుతది. నువ్వు చెప్పు. పోయింది నీ కోడి."

కోడి గుంజ చుట్టూ తిరిగి తాడు చుట్టుకుంటే ఆమె లేచి వెళ్లి విప్పి వచ్చింది.

"రాయకు," అంది. "ఆమె పట్కపోయింది నిజమే. గుడ్లు కొంగుల ఏసుకపోయింది గూడ ఆమెనే. మోటరు కాలినంక రోజు బిందెలతోటి తెచ్చి మిరపకు పోస్తుంది. రాయకు." చేట పక్కకు జరిపి అంది, "మరి నువ్వేం చేస్తవ్?"

అదే ఆయనకూ తెలియదు. కానీ ఆమె అడిగాక, ఇన్ని రోజులూ తాను ఎవరి తప్పు రాయాలా అని చూస్తున్నాడని ఆయనకు తోచింది. ఈరమ్మదా, జితేందర్‌దా, సంస్థదా. ఒక్క పేరు వదిలేశాడు.

"నా లెక్క తప్పని రాస్త," అన్నాడు.

"తప్పేనా?"

"తప్పే. రసీదులు చూసిన. ఆ పైసలు ఏ ఇంట్లకెల్లి ఎట్లొచ్చినయో ఏ ఊళ్లనూ అడగలే."

"నీ పేరు పోతదేమో."

"పోతది."

"పోనీ," అంది జములమ్మ.

పీట మీద కూర్చుని, పుస్తకం ఒడిలో పెట్టుకుని, దాని మీద తెల్ల కాగితం పరిచి ఆయన రాశాడు. "మొదటి నివేదికలో ఒకచోట వసూలు నూటికి నూరు అని రాశాను. రసీదులు చూసి రాశాను. ఎవరు ఏం అమ్ముకుంటే, ఎవరి బదులు ఎవరు వేసుకుంటే ఆ డబ్బు వచ్చిందో పన్నెండు ఊళ్లలో ఒక్క చోటా అడగలేదు. అప్పు ఇచ్చిన సంస్థ పనితీరు కొలిచాను గానీ, తీర్చినవాళ్ల వైపు చూడలేదు. కనుక ఆ శాతాల మీద, అక్కడి భోజనం గురించి నేను రాసిన మాటల మీద నాకిప్పుడు నమ్మకం లేదు. రెండింటినీ వెనక్కి తీసుకుంటున్నాను. ఈసారి శాతాల కింద కూడా సంతకం పెట్టలేను. పొరపాటు నాది." కింద పేరు, వెనక డిగ్రీలు రాయబోయి, పేరుతో ఆపేశాడు. ఫొటో తీసి జితేందర్‌కు పంపాడు.

రెండు నిమిషాల్లో ఫోను మోగింది.

"ఏంది సార్ ఇది? ఇట్ల పెడితె మీకు మళ్ల పనియ్యరు. ఫీజు గూడ ఆపుతరు."

"తెల్సు జితేందర్."

"ఆ ఊళ్లోళ్లు ఏమన్న చెప్పిన్రా?"

"ఎవ్వరేం చెప్పలే. నేనే సక్కగ చూడలే."

జితేందర్ గొంతు తగ్గించి అన్నాడు: "ఆ కోడికి మాంసం లేకుండె సార్. మా అమ్మ కోళ్లు పెంచేది. నాకు అప్పుడే తెల్సింది. పొదిగే కోడని తెల్సి గూడ తిన్న. కాయితం బోర్డుకు పెడ్త. ఏమంటరో తెల్వదు. గ్రూపు తప్పని రాయలే గదా ఇందుల, ఆళ్ల లోను జోలికి ఎవ్వరు పోరు. నేను చూస్కుంట."

రాఘవేందర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మనసు తేలికవుతుందని అనుకున్నాడు. అవలేదు. రెండేళ్లు ఉమారాణి ఫొటో పక్కన ఉంది ఆ పుస్తకం. ఇంటికి పోయాక దాన్ని మళ్లీ అక్కడ పెట్టలేడు. ఎందుకు తీశానో ఆమెకు చెప్పాలి.

జములమ్మ లోపలి నుంచి పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు. ఆయన చేయి ముందుకు రాలేదు.

"తిను సారూ. ఇది నాదే. ఎవ్వరింట్లకెల్లి పట్కరాలే."

ఆయన తిన్నాడు. పుంటికూర పుల్లగా ఉంది, కళ్లలో నీళ్లు తిరగడానికి అది సాకు అయింది. ఆమె చూసి కూడా చూడనట్టు చేట తీసుకుని లోపలికి పోయింది.

చివరి బస్సు ఏడింటికి. పొద్దు గూకింది. వాకిట్లో కోళ్లు ఒక్కొక్కటే గోడ పక్కన మట్టి గూట్లోకి దూరాయి. కొత్త కోడి మాత్రం గుంజ దగ్గరే నిలబడి ఉంది.

"దాన్ని గూడ లోపటెయ్యవా?" అని అడిగాడు బయల్దేరుతూ.

"ఇప్పుడేస్తె పొడుస్తయ్ సారూ. కొత్త మొహం గదా. జర చీకటి పడి అవి నిద్ర పట్టినంక ఎయ్యాలె. పొద్దుగాల లేచి, ఇది ఎప్పటికెల్లి ఉన్నదే అనుకుంటయ్."

ఆయన దారి మీద నిలబడ్డాడు. దూరంగా బస్సు దీపాలు కనిపిస్తున్నాయి. జములమ్మ తాడు విప్పి, ముసలి కోడిని చంకలో పెట్టుకుని, వీపు మీద చేత్తో రాస్తూ గూడు దగ్గర వంగింది. నెమ్మదిగా లోపలికి జారవిడిచి, ఒక క్షణం చెవి పెట్టి విన్నది. లోపల అలికిడి లేదు. చెక్క తలుపు చప్పుడు కాకుండా మూసి, దానికి రాయి ఆనించింది.